మూడున్నర తలల బొమ్మ, తాగొచ్చే నాన్న: సీరియస్ షాట్‌కి నవ్వెందుకొస్తోంది?

కోరమంగళ_కీఫ్రేమ్
ఏడు నిమిషాల 2డీ షార్ట్ ఫిల్మ్. తొమ్మిదేళ్ల పిల్ల, తాగొచ్చే తండ్రి, నోరెత్తని తల్లి. పాత్రలన్నీ మూడున్నర తలల ఎత్తు (అంటే మొత్తం ఎత్తు తల సైజుకి మూడున్నర రెట్లు), పెద్ద కళ్లు, చుక్కంత ముక్కు, చేతికి నాలుగే వేళ్లు. యానిమాటిక్ (స్టోరీబోర్డు బొమ్మల్ని టైమింగ్‌తో పేర్చిన కచ్చా వీడియో) దాకా ఏ ఇబ్బందీ లేదు. కదలిక పెట్టాక 14వ షాట్‌లో, అంటే తండ్రి తల్లిని కొట్టేచోట, చూసినవాళ్లు కిసుక్కుమంటున్నారు. డబ్బు పెట్టేవాళ్లేమో "పిల్లల చానెల్ బొమ్మల్లా ఉన్నాయి, ఆరు తలలకి పెంచండి" అంటున్నారు. రిగ్గులన్నీ (బొమ్మల్ని కదిలించే కీళ్ల అమరికలు) అయిపోయాయి. ఇప్పుడు పెంచడమంటే మళ్లీ మొదటికి రావడమే.

షాట్ ఇదీ: 24 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 24 ఫ్రేములు), ట్వోస్ మీద, అంటే ఒక్కో డ్రాయింగ్ రెండు ఫ్రేములు. చెయ్యి వెనక్కి లాగడం 10 ఫ్రేములు, స్మియర్ (వేగం కనపడేలా సాగదీసి గీసిన బొమ్మ) 2, దెబ్బ, తల్లి తల పక్కకెళ్లి వెనక్కి ఊగి కుదురుకోడానికి 14. తర్వాత క్లోజప్, చెంపల మీద రెండు కన్నీటి చుక్కలు. లోపం బొమ్మలో ఉందా, కదలికలో ఉందా?

ఆనియన్‌స్కిన్
కదలికలోనే. రాసింది చదువుతుంటేనే నవ్వొచ్చింది, ఏమనుకోకు. చెయ్యి లాగి ఊరించడం, స్మియర్, తల ఊగి కుదురుకోవడం, ఈ మూడూ వరసగా వస్తే అది పిల్లీ ఎలకా కొట్లాట. తల అలా ఊగితే అది రబ్బరనీ, నొప్పి ఉండదనీ కార్టూన్లు చూసి పెరిగిన కన్ను ఎప్పుడో తీర్మానించేసుకుంది.

చెయ్యి వెనక్కి లాగడం తీసేయ్. భుజంలో 2 ఫ్రేముల కదలిక చాలు. స్మియర్ వద్దు. దెబ్బ తగిలే ఫ్రేము అసలు గీయకు. దానికి ఒక ఫ్రేము ముందే కట్ చేసి గుమ్మంలో ఉన్న పిల్ల మీదికి వెళ్లిపో. చప్పుడు ఆ కొత్త షాట్ 2వ ఫ్రేము మీద పడాలి. మళ్లీ తల్లిని చూపించేసరికి తల అప్పటికే పక్కకి తిరిగి ఉండాలి, ఊగుతూ ఉండకూడదు. తర్వాత కనీసం 30 ఫ్రేములు ఆమె కదలకూడదు.

కోరమంగళ_కీఫ్రేమ్
30 ఫ్రేములు కదలకపోతే వీడియో ఆగిపోయిందనుకుంటారు కదా.

ఆనియన్‌స్కిన్
ఒకే డ్రాయింగ్‌ని 30 ఫ్రేములు లాగితే అనుకుంటారు. అదే పోజుని మూడుసార్లు ట్రేస్ చేసి, ఒక్కోటి 3 ఫ్రేములుంచి తిప్పు. గీత సన్నగా వణుకుతుంది, మనిషి మాత్రం కదలదు. రిగ్గుతో ట్రేసింగ్ కుదరదంటావా, ఛాతీ కంట్రోలర్‌ని 20 ఫ్రేముల్లో 2-3 పిక్సెళ్లు పైకి, 28 ఫ్రేముల్లో కిందికి తీసుకురా. ఊపిరి పీల్చినంత వేగంగా వదలకూడదు. ఈ లెక్క 1920 వెడల్పు ఫ్రేముకి. 4కే అయితే రెట్టింపు చేసుకో.

ఇన్‌బిట్వీనర్
పై మాటకి చిన్న సవరణ. 1-2-3-1-2-3 అని తిప్పితే ఆ వరస కంటికి దొరికిపోతుంది, నాడి కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. 1-3-2-3-1-2 అని కలగలిపి పెట్టు. వణుకు ఆ ఒక్క షాట్లోనే మొదలైతే మరీ ఎబ్బెట్టు. మొదటి షాట్ నుంచీ కొద్దికొద్దిగా ఉండాలి.

కేతిగాడు
ఆరు తలలు యాడికి సరిపోతాయన్నా, పదికి పెంచు. రావణాసురుడే దిగొస్తాడు, డబ్బు పెట్టేవాళ్లకీ తృప్తిగా ఉంటాది.

మూడుతలలు
డిజైన్ జోలికి పోవద్దు. మొహం ఎంత సాదాగా ఉంటే చూసేవాళ్లు అంత తొందరగా అందులో దూరిపోతారని కార్టూనిస్టు స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లోనే కామిక్స్ గురించి చెప్పాడు. ఆయన చెప్పిన రెండో సగం మనవాళ్లు వదిలేస్తుంటారు: బొమ్మ సాదాగా, చుట్టూ ఉన్న లోకం వివరంగా. నీ వంటింటి బ్యాక్‌గ్రౌండ్ కూడా బొమ్మలంత సాదాగా ఉంటే మొత్తం నర్సరీ పుస్తకంలా అనిపిస్తుంది. గోడకి పెచ్చులూడిన సున్నం, స్టవ్ వెనక నూనె మరకలు, గ్యాసు బండ మీద తుప్పు వలయం, మూత సరిపోని గిన్నె వెయ్. బొమ్మని ముట్టుకోకు, ఇంటిని పెద్దవాళ్ల ఇల్లు చెయ్.

వేళ్లు మాత్రం చూసుకో. నాలుగు వేళ్ల పిడికిలి బన్నులా ఉంటుంది. కొంగుని నలిపే క్లోజప్ ఉంటే ఆ ఒక్క షాట్‌కి వేలి కణుపులు విడిగా గీయించు.

నల్లగీత
నేనొప్పుకోను. మూడున్నర తలల ఒంటికి నడుము ఉండదు, మోకాలు ఉండదు. తాగినవాడి బరువు ఎక్కడ చూపిస్తావు? కష్టమైన కథలకి మనిషి కొలతలే నప్పుతాయి. 2008లో వచ్చిన వాల్ట్జ్ విత్ బషీర్ అంతా రోటోస్కోప్ (తీసిన వీడియో మీదే ఫ్రేము ఫ్రేముకీ గీయడం), అందుకే అంత బరువు.

తోలుబొమ్మ
అది రోటోస్కోప్ కాదు. ముందు వీడియో తీశారు నిజమే. దాన్ని చూసి స్టోరీబోర్డు వేసుకుని, బొమ్మలు విడిగా గీశారు. చాలావరకు ముక్కలు ముక్కలుగా విడగొట్టి ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌లో కదిపిన కటౌట్లే, కొంత చేత్తో గీసింది. కదలిక నీళ్లలో నడిచినట్టు బరువుగా ఉండేది ఆ కటౌట్ల వల్లే. చివర్లో బొమ్మలు ఆపేసి అసలు వార్తా దృశ్యాలు పెట్టారు. అంతసేపు గీత చూసిన కంటికి ఆ తేడా గట్టిగా తగులుతుంది. మనిషి కొలతలే కారణమైతే 2007లో పర్సెపొలిస్ ఆడేదే కాదు. గుండ్రటి మొహాలు, చాలామటుకు నలుపు తెలుపు, యుద్ధం, జైళ్లు, ఉరి. ఎవరూ పిల్లల సినిమా అనలేదు.

నల్లగీత
సరే, రోటోస్కోప్ మాట వదిలేస్తా. బరువు మాట వదలను.

రిగ్గు_రాజా
బరువు కొలతల్లో కాదు, తుంటి ఎముకలో ఉంటుంది. పొట్టి బొమ్మకైనా తుంటి కంట్రోలర్ ఉంటుంది కదా. తాగినవాడు అనగానే అందరూ అష్టవంకర్లు తిప్పి నడిపిస్తారు, అదీ కామెడీయే. ఇంటికొచ్చేవాడు తాగలేదని కనపడాలని చూస్తాడు. కాళ్ల మధ్య ఎడం పెంచు. మామూలు అడుగు 12 ఫ్రేములైతే ఇక్కడ 18 నుంచి 20. కాలు ముందు పడాలి, ఒళ్లు 3-4 ఫ్రేములు ఆలస్యంగా దాని మీదికి రావాలి. ఒక చెయ్యి గోడకి ఆనకుండా, ఆనబోతున్నట్టు ఉండాలి. చెప్పులు విప్పేది మొత్తం చూపించు: మొదటి చెప్పు తేలిగ్గా వచ్చేస్తుంది, రెండోదానికి మడమ రెండుసార్లు జారుతుంది. ఆ చెప్పు చప్పుడుకి లోపల గిన్నె చప్పుడు ఆగిపోవాలి. దాంతో 14వ షాట్ కంటే ముందే పని అయిపోయింది.

తండ్రి కళ్లకి కూడా ఆలస్యం పెట్టు. మామూలుగా కళ్లు ముందు తిరుగుతాయి, తల వెనక వస్తుంది. ఇతనికి తల ముందు తిరిగి, కళ్లు 4-5 ఫ్రేముల తర్వాత వచ్చి నిలవాలి. ఇది చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

గాలిపటం
నెత్తురు చూపిస్తే నవ్వు ఆగిపోదా? పెదవి చిట్లినట్టు ఒక్క గీత?

ఆనియన్‌స్కిన్
ఇంత సాదా మొహం మీద ఎర్ర గీత పెడితే లిప్‌స్టిక్ అనుకుంటారు. పోనీ నెత్తురనే తెలిసిందనుకో, చూపు గాయం మీదికి పోతుంది, మనిషి మీద నిలవదు.

కలర్‌కీ_కమల
గాయం రంగుతో చూపించకండి, బట్టతో చూపించండి. మర్నాడు పొద్దున్న సీన్‌లో తల్లి కొంగు రెండో భుజం మీదుగా కప్పుకుని ఉంటుంది. మే నెల, ఫ్యాను తిరగట్లేదు, మెడ దగ్గర చెమట. పిల్ల ఆ కొంగు వంక చూసి కంచం వైపు చూపు తిప్పేసుకుంటుంది. అంతే. ఊదా రంగు మచ్చ ఎక్కడా వేయక్కర్లేదు.

ఇక రంగుల సంగతి. రాత్రి, విషాదం అనగానే ఫ్రేమంతా నీలం పోసేస్తారు, దయచేసి వద్దు. ఆ వంటిల్లు పొద్దున్న సీన్‌లో ఏ పసుపు వెలుగులో ఉందో రాత్రీ అదే పసుపులో ఉంచండి. బ్యాక్‌గ్రౌండ్ వెలుతురు మాత్రం 30 శాతం దించండి, ఒంటి రంగులో సాచురేషన్ (రంగు గాఢత) 15 దాకా. అన్నం తినే చోటే దెబ్బలు తినే చోటు కూడా అని ఆ వెలుగే చెబుతుంది. ట్యూబ్‌లైటు పెట్టాలనుకుంటే ఆకుపచ్చ కలిసిన తెలుపు వాడండి, కానీ అది మొదటి నుంచీ ఉండాలి.

బుగ్గల మీద గులాబీ గుండ్రాలు ఉన్నాయా? 'పిల్లల చానెల్' అన్నమాట చాలావరకు అక్కణ్నుంచే వచ్చి ఉంటుంది. వాటిని వేరే లేయర్‌లో పెట్టి మొదటి సీన్‌లో 40 శాతం, 14వ షాట్‌కి 10, ఆ తర్వాత సున్నా చేయండి. ఎవరూ గమనించరు, అందరికీ తెలుస్తుంది.

గీత రంగు కూడా మార్చి చూడండి. 1988 నాటి గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్‌లో బొమ్మల అంచు గీతలు ఎక్కువగా గోధుమ రంగులో ఉంటాయి, మామూలుగా వాడే నలుపు కాదు. బొమ్మ బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతుంది, స్టిక్కర్‌లా పైకి తేలదు. నలుపుని తండ్రికి మాత్రమే, ఆ రాత్రి మాత్రమే ఉంచవచ్చు.

అన్నీ అయ్యాక ఫ్రేముని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. తల్లి మొహం, వెనక గోడ ఒకే బూడిద రంగులో కలిసిపోతే రంగులు ఎంత బాగున్నా చూపు అక్కడికి పోదు.

మూడుతలలు
కమలగారి మాటకి మనదగ్గరి ఉదాహరణే ఉంది, గీతాంజలి రావు షార్ట్ ఫిల్మ్ ప్రింటెడ్ రెయిన్‌బో, 2006. ముసలావిడ, పిల్లి, అగ్గిపెట్టెలు. గది అంతా రంగు లేకుండా, అగ్గిపెట్టె మీది లోకం రంగుల్లో. ఒంటరితనం గురించి ఒక్క డైలాగ్ లేదు.

కేతిగాడు
ఫ్యాను తిరగట్లేదంటే కరెంటు పోయిందని చెప్పాల గదా. బెంగళూరులో ఇన్వర్టర్ లేని ఇల్లు నమ్మరు.

కలర్‌కీ_కమల
స్విచ్ ఆఫ్ చేసి ఉందండీ, చప్పుడుకి భర్త లేస్తాడని. మీరు అడగడం మంచిదైంది, ఆ స్విచ్ ఒక ఇన్సర్ట్ షాట్ అవుతుంది.

గాలిపటం
తండ్రి చెయ్యెత్తే షాట్లో నీడ పెద్దదై రాక్షసుడిలా మారితే? లేకపోతే తాగినప్పుడల్లా ఎలుగుబంటిగా మారేలా?

తోలుబొమ్మ
అలా మారిస్తే తప్పు మందు మీదికి పోతుంది. కొట్టింది ఎలుగుబంటి, నాన్న మంచోడు అని పిల్ల సరిపెట్టుకున్నట్టు చూసేవాళ్లూ సరిపెట్టుకుంటారు. పిల్ల తన నోటుబుక్కులో అలా గీసుకుంటే బావుంటుంది, అది ఆమె చెప్పుకునే అబద్ధం. సినిమా మాత్రం ఆ అబద్ధం చెప్పకూడదు. తండ్రి అన్ని షాట్లలో అదే మొహం, అదే చొక్కా.

ఇంకో సంగతి. నవ్వుని శత్రువులా చూడకండి. తోలుబొమ్మలాటలో రామాయణం మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి పచ్చి హాస్యం ఆడిపోతారు, తర్వాత సీతమ్మ కష్టానికి జనం ఏడుస్తారు. రాముడు మెల్లగా కదులుతాడు, కేతిగాడు గెంతుతాడు. ఎవరికి ఏ కదలిక అన్నది మొదట్లోనే తేల్చేస్తారు. మీ సినిమాలో మొదటి రెండు నిమిషాల్లో తండ్రి సరదాగా చెయ్యెత్తి, పిల్ల నెత్తిన టపీమని కొట్టే షాట్ ఒకటి పెట్టండి. అక్కడ పది ఫ్రేముల ఊరింపు, స్మియర్, తల ఊగడం అన్నీ ఉండనివ్వండి, హాయిగా నవ్వుకోనివ్వండి. 14లో అదే కోణం, అదే చెయ్యి, ఊరింపు మాత్రం ఉండదు. నవ్వుదామని నోరు తెరిచినవాడికి అది దొరకదు.

కోరమంగళ_కీఫ్రేమ్
ఇది బావుంది. ఉన్న 14వ షాట్‌నే ముందుకి జరిపి వాడుకోవచ్చు, పని కూడా వృథా కాదు. క్లోజప్‌లో కళ్ల సంగతి ఎవరైనా చెప్పండి. అవి మరీ పెద్దవి, ఏం చేసినా ముద్దుగానే ఉంటున్నాయి.

రిగ్గు_రాజా
ముద్దుగా ఉండేది కంటి సైజు వల్ల కాదు, కనుపాపలో ఉన్న తెల్ల మెరుపు చుక్క వల్ల. రెండు మెరుపులు ఉంటే ఒకటి తీసేయ్. దెబ్బ తర్వాతి షాట్‌కి ఆ ఒక్కటీ తీసేయ్. కన్ను ఆరిపోయినట్టవుతుంది. సినిమా అంతా తీసేశావంటే మాత్రం పీనుగుల కళ్లే, జాగ్రత్త.

పై రెప్ప కనుపాప పైభాగాన్ని ఐదో వంతు కప్పితే మామూలు చూపు, మూడో వంతు కప్పితే అలసట. కనుపాప చుట్టూ తెలుపు కనిపిస్తే భయం, కానీ దాన్ని 6-8 ఫ్రేములకి మించి ఉంచితే ఆశ్చర్యపోయిన కోతి. పిల్లకి భయం అలా వద్దు. కనుపాపని 10 శాతం చిన్నది చేసి, చూపు తండ్రి చేతి మీద పెట్టు, మొహం మీద కాదు. కొట్టే ఇంట్లో పెరిగిన పిల్ల చూసేది చెయ్యినే.

రెప్పపాటు: మూయడానికి 2 ఫ్రేములు, మూసి 1, తెరవడానికి 3, ఇది మామూలు. తల్లికి మూయడం 4, మూసి ఉంచడం 8, తెరవడం 6. ఒక్కసారే. పదే పదే ఆర్పితే ఏడుపు నటిస్తున్నట్టుంటుంది.

కన్నీటి చుక్కలు తీసేయ్. కింది రెప్ప అంచున ఒక తడి గీత, 12 ఫ్రేముల్లో పల్చగా పైకి రావాలి, జారకూడదు. గొంతులో ఒక గుటక, 6 ఫ్రేములు. మెడ లేని బొమ్మైతే గడ్డం 2 పిక్సెళ్లు దిగితే చాలు.

నల్లగీత
అంత చేసే కంటే మొహం చూపించకపోతే పోదా? వెనక నుంచి వీపు చూపించు. పొట్టి బొమ్మకి వీపే పెద్ద కాన్వాసు.

రిగ్గు_రాజా
అది నిజం. ఇది నా పోస్టు కంటే మంచి సలహా.

వడపళని_డబ్బింగ్
చెన్నై నుంచి ఒక మాట, పెదాల గురించి. ఇంగ్లీషు కోసం చేసిన నోటి ఆకారాల చార్టుని తెలుగుకి అలాగే దించేస్తారు. తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ పెట్టే ఆటో లిప్‌సింక్‌లో నోరు మూతపడదు, మాట అయిపోయినా తెరుచుకునే ఉంటుంది. కామెడీకి పర్లేదు, "ఎందుకొచ్చావు" అని గొణిగే తల్లికి అది పనికిరాదు. చివరి అచ్చు ఆకారాన్ని 2 ఫ్రేముల ముందే తగ్గించి, మాట తర్వాత 6-8 ఫ్రేములు పెదాలు కలిపి ఉంచు. ట, ణ, ళ లాంటివి లోపల నాలుకతో పలికేవి, వాటికి వేరే ఆకారం గీయడం దండగ. ప, బ, మ దగ్గర మాత్రం పెదాలు తప్పకుండా 2 ఫ్రేములు కలవాలి. అది తప్పితే డబ్బింగ్ సినిమా అనుకుంటారు.

ఇదే వీధిలో ఒకప్పుడు చందమామ అచ్చయ్యేది. శ్మశానం, భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే రాజు. శంకర్ గారి ఆ బొమ్మ పిల్లల పత్రికలో ఏళ్ల తరబడి వచ్చింది. అందులో భయపెట్టేవన్నీ చుట్టూ ఉంటాయి, రాజు మొహం మాత్రం నిబ్బరంగా ఉంటుంది. మొహం అరిస్తే బొమ్మ అరవదు.

సౌండు_సుబ్బు
కిసుక్కుమన్న కాపీలో దెబ్బకి ఏ చప్పుడు పెట్టారో చెప్పగలరా? లైబ్రరీలోంచి తీసిన 'ఠప్' అయితే సగం కారణం అదే.

కోరమంగళ_కీఫ్రేమ్
లైబ్రరీదే. పైన వీణ బిట్ కూడా ఉంది.

సౌండు_సుబ్బు
వీణ తీసెయ్యి గురూ, ముందు. దెబ్బకి చర్మం చప్పుడు వద్దు, గాజులు చాలు. మట్టిగాజులు రెండు, ఒకటి చిట్లాలి. తర్వాత ఒకటిన్నర సెకన్లు గది శబ్దం మాత్రమే: ఫ్రిజ్ హమ్, పక్కింటి టీవీ. ట్రాక్‌ని పూర్తి సున్నా చేస్తే స్పీకర్ పోయిందనుకుంటారు. గది శబ్దం మొదటి సీన్ నుంచీ సన్నగా పరిచి ఉంచు, అప్పుడే అది మిగిలిందని తెలుస్తుంది. పక్కింటి టీవీలో మాట అర్థం కాకూడదు, 1 కిలోహెర్ట్జ్ పైన కోసెయ్.

ఇన్‌బిట్వీనర్
ఫ్రేము రేటుతో ఇంకో పని చేయొచ్చు. 2018 స్పైడర్-వర్స్ సినిమాలో కొత్త కుర్రాడిని ట్వోస్ మీద, అనుభవం ఉన్నవాడిని వన్స్ (ఫ్రేముకో డ్రాయింగ్) మీద నడిపారు. ఒకే ఫ్రేములో ఇద్దరికీ పొత్తు కుదరనట్టు ఉంటుంది. నీ సినిమాలో పిల్లని ట్వోస్ మీదే ఉంచి, ఆ రాత్రి తల్లిని థ్రీస్ మీదకి దించు. ఫోర్స్‌కి పోకు, అది నత్తి అవుతుంది. కెమెరా పాన్ ఉన్న షాట్‌లో ఇది చేయకు. బ్యాక్‌గ్రౌండ్ వన్స్ మీద జరుగుతుంటే బొమ్మ జారుతున్నట్టు కొట్టుకుంటుంది.

గాలిపటం
ఇన్ని చేశాక సర్టిఫికెట్ ఏమొస్తుంది? 'ఎ' ఇచ్చేస్తే పిల్లలు చూడలేరు.

వడపళని_డబ్బింగ్
2023 చట్ట సవరణ తర్వాత యూఏ మూడు మెట్లైంది: 7+, 13+, 16+. ఇంట్లో హింస ఉండి దెబ్బ తెర బయట ఉంటే 13+ అడగడం సబబు. ఇచ్చేది మాత్రం బోర్డు చూసి. తండ్రి చేతిలో సిగరెట్ గీసి ఉంటే తీసేయండి. అది తెర మీద ఉన్నంతసేపూ కింద హెచ్చరిక వేయాలి, ఆ అక్షరాలు మీ ఫ్రేముని మింగేస్తాయి.

కేతిగాడు
కింద హెచ్చరిక, పైన చానెల్ లోగో, నడుమ మూడున్నర తలలు. అందుకే పదికి పెంచమంటి.

కోరమంగళ_కీఫ్రేమ్
14 ఇప్పుడిలా వేస్తున్నా. కెమెరా గుమ్మంలో, పిల్ల కళ్ల ఎత్తులో, నేల నుంచి మీటరు. తండ్రి తల పై అంచుకి తెగిపోయి, ఛాతీ నుంచి కింద మాత్రమే. భుజంలో 2 ఫ్రేములు, కట్. పిల్ల, 2వ ఫ్రేము మీద గాజులు. పిల్ల కళ్లు చెయ్యి ఉన్న వైపే, మెరుపు చుక్క లేదు, 36 ఫ్రేములు హోల్డ్ (అదే పోజులో ఆగడం). తర్వాత తల్లి వీపు, థ్రీస్ మీద ఊపిరి, 48. క్లోజప్ లేదు.

నల్లగీత
పిల్ల మీద 36 ఎక్కువ. 20 చాలు, ఆ తర్వాత మనం ఆమె మొహంలో ఏదో వెతకడం మొదలుపెడతాం.

ఆనియన్‌స్కిన్
వెతకనీ. 20కి కోస్తే అది రియాక్షన్ షాట్, 36 ఉంటే మనమూ గుమ్మంలో నిలబడ్డట్టు. కానీ తల్లి వీపు 48 మీద నాకూ అనుమానమే, పిల్ల తర్వాత అంతసేపు ఆగరు.

ఇన్‌బిట్వీనర్
రెండూ పొడుగ్గానే రెండర్ చేసి ఎడిట్‌లో కోసుకో. హోల్డ్ కోయడానికి నిమిషం పడుతుంది, పెంచాలంటే వణుకు డ్రాయింగుల వరస మళ్లీ కలపాలి. కోసేటప్పుడు ఊపిరి మధ్యలో కోయకు, వదిలాక కోయి.